పెట్రోలులోని సీసము – పేరు దాచిన విషము



సీసమనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించునది పద్యము. శ్రీనాథుని సీసముల నడక నెరిగి, వానిని రాగయుక్తముగా చదువగల పెద్దలు ఈ సభలోనే కలరు. కాని నేటి ప్రసంగము ఆ సీసమును గూర్చినది కాదు. వలలకు గుండ్లుగా కట్టెడి సీసము, బ్యాటరీలలో పలకలుగా నుండెడి సీసము – ఆ లోహమును గూర్చినది. అమరకోశము వల్లించిన వారికి ఈ లోహమునకు నాగమని మరియొక పేరు కలదని తెలియును. నాగమనగా పాము. శోధింపని సీసమును ఔషధమున చేర్చరాదని రసవైద్యులు కట్టడి చేసిరి. రోము నగరపు వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ క్రీస్తునకు పూర్వము ప్రథమ శతాబ్దమునందే, సీసపు గొట్టముల నీరు ఆరోగ్యమునకు మంచిది కాదనియు, సీసము కరగించు పనివారి మేనులు పాలిపోయి యుండుననియు వ్రాసియుంచెను.

ఇట్లు రెండు వేల యేండ్లుగా లోకమెరిగిన విషమును ఇరువదవ శతాబ్దమున బుద్ధిమంతులే పెట్రోలులో కలిపి, ప్రపంచమునందలి ప్రతి వీధిలోను ధూళిగా చల్లిరి. చల్లుట 1923లో మొదలైనది. రోడ్లపై తిరుగు బండ్లకు పూర్తిగా మానినది 2021లో. ఈ నడుమ ఏమి జరిగెనో తెలిసికొనుట మోటారు వాహనములున్న ప్రతి గ్రామమునకును అవసరము.

మొదట ఆక్టేను అనగా నేమో తెలియవలెను. పెట్రోలు ఇంజనునందు గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులో చేరును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును నొక్కును. తగిన క్షణమున స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. ఆ మంట ఒక మూల నుండి క్రమముగా వ్యాపించి పిస్టనును క్రిందికి త్రోయవలెను. కాని నాసి పెట్రోలైనచో, మంట చేరకముందే మిగిలిన మిశ్రమము ఒత్తిడికిని వేడికిని తాళలేక తనంతట తానే భగ్గుమనును. అప్పుడు లోపల సుత్తితో కొట్టినట్లు టకటక ధ్వని పుట్టును. దానినే మెకానిక్కులు నాకింగు అందురు. అది ఎక్కువైనచో పిస్టను పగులును, శక్తి వ్యర్థమగును. ఈ అకాల జ్వలనమునకు పెట్రోలు ఎంతవరకు తాళగలదో చెప్పు సంఖ్యయే ఆక్టేను. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100 అనియు, హెప్టేను అను ద్రవమునకు సున్న అనియు నిర్ణయించి, వానితో పోల్చి ఈ సంఖ్యను లెక్కింతురు. కావున ఆక్టేను బలమునకు కొలత కాదు, ఓర్పునకు కొలత. ఈ భేదము నెరుగని వారే ఎక్కువగా మోసపోవుచుందురు.

అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ పరిశోధనశాల యందు చార్లెస్ కెట్టరింగు క్రింద థామస్ మిడ్జిలీ అను ఇంజనీరు ఈ టకటక ధ్వనిని మాన్పు పదార్థము కొరకు ఏండ్ల తరబడి వెదకెను. అయొడిను, అనిలీను, టెల్లూరియము మొదలగు వానిని పరీక్షించెను. టెల్లూరియము పని చేసినది గాని, దాని వెల్లుల్లి వంటి దుర్గంధము ఆ పని చేసినవారిని విడువలేదు. తుదకు 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనము పెట్రోలులో పడగానే ఇంజను మౌనము వహించెను. గ్యాలనునకు సుమారు 3 ఘన సెంటీమీటర్లు చాలును. వేయి పాళ్ళలో ఒక పాలైనను కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. ఈ పనికి మరియొక మార్గము అప్పటికే తెలిసియుండెను. ఆల్కహాలు కలిపినను నాకింగు తగ్గును. మిడ్జిలీ స్వయముగా ఆల్కహాలు కలిపిన ఇంధనముతో ఇంజను నడిపి తోటి ఇంజనీర్లకు చూపెను. అయితే ఆల్కహాలు పాళ్ళు ఎక్కువ కావలెను. దానిని ఎవరైనను కాచవచ్చును. దానిపై ఒకరికే హక్కు నిలువదు. సీసమో, చుక్కలతో పని జరిగించును. దానిని వాడు పద్ధతికి పేటెంటు దొరకును. లాభము జమయగునది సీసము పద్దులోనే. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రపు డేటను పట్టణమున దాని అమ్మకము మొదలైనది. అమ్మకపు పేరు ‘ఇథైల్’. అందులో సీసమను మాటయే లేదు. పాము బుట్టపై పూలబుట్ట యని వ్రాసి యమ్మిరి.

పేరు మార్చినంత మాత్రమున గుణము మారదు. టెట్రా ఇథైల్ లెడ్ చర్మము గుండ నైనను దేహములో చొచ్చును, ఆవిరియై శ్వాసతోనైనను చేరును, నేరుగా మెదడును పట్టును. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రపు బేవే శుద్ధి కర్మాగారమున దీనిని తయారు చేయు కూలీలు ఒక్కరొక్కరుగా మతి చలించి కేకలు వేయసాగిరి. కొందరిని బంధించి ఆసుపత్రికి చేర్పవలసి వచ్చెను. అయిదుగురు మరణించిరి. ముప్పది మందికి పైగా ఆసుపత్రి పాలైరి. అదే రాష్ట్రమున డీప్ వాటరు అను చోట డ్యూపాంట్ కంపెనీ కర్మాగారములోని పనివారు లేని పురుగులను గాలిలో చూచుచు చేతులతో తోలుకొనుచుండిరట. తోటివారు ఆ కట్టడమునకు ‘సీతాకోకచిలుకల ఇల్లు’ అని పేరు పెట్టిరి. హాస్యముగా పెట్టిన ఆ పేరు వెనుక కొందరి చావులున్నవి.

వార్తాపత్రికలు గగ్గోలు పెట్టగా, 1924 అక్టోబరు 30న మిడ్జిలీ విలేఖరుల ముందర ఆ ద్రవమును చేతులపై పోసికొని, సీసాను ముక్కు కడ నుంచి నిమిషము పాటు వాసన చూచి, ప్రమాదము లేదని చాటెను. అంతకు ముందే, 1923లో, ఆయన స్వయముగా సీసపు విషము సోకి విశ్రాంతికై ఫ్లోరిడా వెళ్ళివచ్చిన సంగతి ఆ సభలో చెప్పలేదు.

1925 మే 20న అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి వాషింగ్టనులో ఒక సమావేశము కూర్చెను. ఆ సమావేశమున రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినవి. హార్వర్డు వైద్య కళాశాలలో తొలి మహిళా అధ్యాపకురాలగు డాక్టరు ఏలిస్ హామిల్టను, యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు యాండెల్ హెండర్సను సీసమును వలదనిరి. ఉన్నట్టుండి జనులు పడిపోవుట కాదు, మెల్లమెల్లగా, ఎవరికిని తెలియకుండ విషమెక్కుననియు, తెలిసికొను నాటికి ఈ పెట్రోలు లోకమంతయు నిండియుండుననియు హెండర్సను హెచ్చరించెను. ఆయన మాట అక్షరాల నిజమైనది. కంపెనీ పక్షమున వచ్చిన వారొకరు ఈ పదార్థమును దేవుడిచ్చిన వరముగా వర్ణించి, నిశ్చయముగా హాని కలదని రుజువు లేనిదే దీనిని విడుచుట యెట్లని ప్రశ్నించిరి.

సోదరులారా, అసలు మెలిక యంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. విషము కాదని రుజువు చేయవలసిన వాడు అమ్మువాడా? విషమని రుజువు చేయవలసిన వాడు పీల్చువాడా? పొరుగువాని చేనిలో గట్టు త్రవ్వదలచిన వాడు తన హక్కును ముందుగా చూపవలెను గాని, చేను పోగొట్టుకొన్నవాడు ఏండ్ల తరువాత ఏడ్చి నిరూపింపవలెననుట న్యాయము కాదు. పల్లెలోని రచ్చబండ తీర్పునకు తోచెడి ఈ న్యాయము ఆనాడు వాషింగ్టనులో నిలువలేదు. 1926లో నిపుణుల సంఘము నిషేధమునకు తగిన ఆధారములు లేవని చెప్పెను. వాడుక పెరిగిన కొలది కాలక్రమమున హాని కనబడవచ్చు ననియు, పరిశోధన సాగవలె ననియు కూడ ఆ సంఘమే వ్రాసెను. మొదటి వాక్యము అమలైనది. రెండవ వాక్యము కాగితమున మిగిలినది. తరువాత దాదాపు నలువది యేండ్లు సీసముపై పరిశోధన విస్తారముగా ఆ వ్యాపారుల ధనముతోనే నడచెను. రాబర్టు కెహో అను వైద్యుడు సిన్సినాటిలో వారి పోషణ క్రింద పనిచేయుచు, మానవ దేహమున కొంత సీసము సహజముగా నుండుననియు, ఒక మట్టము దాటనిచో భయము లేదనియు ప్రతిపాదించెను. లెక్క వ్రాయువాడును, తనిఖీ చేయువాడును ఒక్కరే యైనచో ఆ లెక్క ఎట్లుండునో వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఈ లెక్కలోని తప్పును పట్టినవాడు వైద్యుడు కాదు. క్లెయిర్ ప్యాటర్సను అను భూరసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన వెదకినది భూమి వయస్సు. ఉల్కాశిలలోని సీసమును కొలిచి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని 1956లో ప్రకటించెను. ఆ పనిలో ఆయనకు అడ్డు తగిలినది సీసమే. పరికరములపైన, గాలిలోన, తన వస్త్రములపైన, ఎక్కడ చూచినను సీసపు ధూళియే. ఇంత సీసము ఎక్కడి నుండి వచ్చెనని ఆయన వెదకసాగెను. సముద్రపు అడుగు నీటిలో కంటె పై నీటిలో సీసము చాల ఎక్కువ. గ్రీన్లాండు మంచులో లోతుగా, పూర్వకాలమున కురిసిన పొరలలో సీసము అత్యల్పము. ఇటీవలి పొరలలో మిక్కిలి అధికము. ప్రాచీన పెరూ వాసుల అస్థులతో పోల్చి చూడగా, నేటి మనుష్యుల అస్థులలో సీసము కొన్ని వందల రెట్లు కలదు. కెహో సహజమన్నది సహజము కాదు. అందరికిని అంటినందున సహజమువలె తోచినది. ఊరందరి ముంతలును చిల్లులు పడినచో చిల్లు లేని ముంత ఎట్లుండునో ఎవరికి తెలియును?

1965లో ప్యాటర్సను ఈ సంగతిని ప్రకటించెను. చమురు పరిశ్రమ నుండి ఆయన పరిశోధనకు వచ్చుచున్న ధనము ఆగిపోయెను. వాయువులోని సీసమును విచారించుటకు 1971లో పని చేసిన జాతీయ నిపుణుల సంఘమున, ఆ విషయమున అగ్రగణ్యుడైన ఆయనకే చోటు దొరకలేదు. ఆయన వెనుదీయలేదు.

1979లో హెర్బర్టు నీడిల్మను అను బాలవైద్యుడు బోస్టను పరిసరముల బడిపిల్లల పాలపండ్లను సేకరించి, వానిలోని సీసమును కొలిచెను. పండ్లలో సీసము ఎక్కువగా నున్న పిల్లల బుద్ధిశక్తియు, ఏకాగ్రతయు తక్కువగా కనబడెను. ఆ పిల్లలెవరును రోగులు కారు. చూపులకు అందరివలె ఆడుకొను బిడ్డలే. హెండర్సను చెప్పిన మెల్లని విషము ఇదియే. నీడిల్మనుపై సీసపు పరిశ్రమ పక్షమువారు అసత్యపరిశోధన యను నింద మోపిరి. విచారణలలో ఆ నింద నిలువలేదు.

క్షీరసాగరమును మథించిన నాడు అమృతము కంటె ముందు హాలాహలము పుట్టెను. దానిని కంఠమున నిలుపుటకు శంకరుడు కలడు. పెట్రోలు మథనమున పుట్టిన విషమును మ్రింగినది ఏ దేవుడును కాదు. రోడ్డు ప్రక్కన ఆడుకొను పసివారు. వారి దేహములు పెద్దవారి దేహములకంటె సీసమును ఎక్కువగా పీల్చుకొనును. ఎదుగుచున్న మెదడునకు కలుగు నష్టము మరల పూడదు.

అమెరికాలో 1973లో సీసమును తగ్గించు నిబంధనలు వచ్చెను. 1975 నుండి కార్ల పొగను శుభ్రపరచు కాటలిటిక్ కన్వర్టరు అను పరికరము అమర్పసాగిరి. సీసము తగిలినచో ఆ పరికరము చెడును. కావున సీసము లేని పెట్రోలు తప్పనిసరి యైనది. బిడ్డల మెదడు కాపాడుటకు ముందడుగు పడని చోట, యంత్రమును కాపాడుటకు పడినది! 1976–80 నడుమ అమెరికా ప్రజల రక్తమున డెసిలీటరునకు సగటున 13 మైక్రోగ్రాములుండిన సీసము, 1988–91 నాటికి 3 మైక్రోగ్రాములకు దిగెను. తొలగించిన వెంటనే ఫలితము కనబడెను. అంటే అంతవరకు మోసిన భారము అనవసరపు భారమే. 1996లో ఆ దేశమున రోడ్డు వాహనములకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషిద్ధమైనది.

మన దేశమున సుప్రీము కోర్టులో యం.సి. మెహతా నడిపిన వ్యాజ్యము ఈ మార్పునకు ఊతమిచ్చెను. 1995 ఏప్రిలు నుండి నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు అందుబాటులోనికి వచ్చెను. 1999లో వెలువడిన జార్జి ఫౌండేషను వారి పరిశీలనలో, హైదరాబాదుతో సహా పెద్ద నగరములలో 12 ఏండ్లలోపు పిల్లలలో సుమారు సగము మంది రక్తమున డెసిలీటరునకు 10 మైక్రోగ్రాములకు మించి సీసము కనబడెను. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటను సీసపు పెట్రోలు ఆగిపోయెను. ప్రపంచమున చిట్టచివర మానినది అల్జీరియా, 2021 జులైలో. చిన్న పిస్టను విమానముల ఇంధనములో మాత్రము సీసము నేటికిని కొన్నిచోట్ల మిగిలియున్నది.

అయితే కథ ముగిసినదా? ముగియలేదు. సీసము పోగానే దాని స్థానమునకు ఇతర పదార్థములు వచ్చినవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క దోషము. బెంజీను ఆక్టేనును పెంచును గాని, రక్తపు క్యాన్సరునకు కారణమగును. అందుచేతనే మన దేశమున పెట్రోలులో దానిని నూటికి ఒక పాలు మించనీయరు. ఎం.టి.బి.ఇ. అను ద్రవము గాలికి మేలు చేయునని అమెరికాలో విరివిగా కలిపిరి. భూమిలోని ట్యాంకుల నుండి అది కారి, నీటిలో సులభముగా కరగి బావులకు చేరెను. 1996లో కాలిఫోర్నియా యందలి శాంటా మోనికా పట్టణము తన త్రాగునీటి బావులను పెక్కింటిని మూసికొనవలసి వచ్చెను. ఆ రాష్ట్రము 2003 చివరతో దానిని మానిపించెను. గాలిని కాపాడబోయి నీటిని చెరచిరి. ఇనుము గల ఫెర్రోసీను ఎక్కువైనచో స్పార్కు ప్లగ్గులపై ఎర్రని పొర కట్టి, రవ్వను చెరచును.

నాడు త్రోసివేసిన ఆల్కహాలే నేడు ఇథనాలు పేర తిరిగి వచ్చినది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్ళు అది చేరినది. అది సీసమువలె విషధూళిని చల్లదు, ఆక్టేనును పెంచును. అయినను దానికి నీటిని పీల్చు గుణము కలదు. దాని కొరకు తయారు చేయని పాత బండ్లలోని రబ్బరు భాగములను అది పాడు చేయవచ్చును. కావున పాత బండి కలవారు గొట్టములను అప్పుడప్పుడు చూపించుకొనుటయు, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలువ ఉంచకుండుటయు మేలు.

ఇక గ్రామ యువకులు వినదగిన మాటలు రెండు మూడు కలవు. ఆక్టేను పెంచునని దుకాణములలో అమ్ము చిన్న సీసాలను చూచి బండికి రెక్కలు వచ్చునని తలపరాదు. తయారీదారుడు ఏ ఆక్టేను చాలునని పుస్తకములో వ్రాసెనో, అంతకు మించి పోసినందున సాధారణ బండికి అదనపు శక్తి రాదు. డబ్బు మాత్రము పోవును. టకటక ధ్వని వినబడినచో, కారణము ఇంజనులో పేరుకొన్న మసియో, ప్లగ్గు దోషమో, కల్తీ పెట్రోలో కావచ్చును. ముందు మెకానిక్కునకు చూపవలెను. కొందరు ట్యాంకులో కలరా ఉండలు వేయుదురు. అవి చలిలో గడ్డకట్టి సన్నని దారులను మూయును. వాని ఆవిరియు ఆరోగ్యమునకు హానికరము. పెట్రోలును గొట్టముతో నోట పీల్చి తీయు అలవాటు అన్నిటికంటె చెడ్డది. ఒక్క గ్రుక్క ఊపిరితిత్తులలో పడినను ప్రాణాపాయము.

సభాసదులారా, ఈ నూరేండ్ల కథలో నిజము ఎన్నడును పూర్తిగా దాగి యుండలేదు. విట్రూవియస్ వ్రాసెను, అమరకోశము పాము పేరు పెట్టెను, హామిల్టను, హెండర్సనులు నిండు సభలో చెప్పిరి. నిజము గ్రంథములలో నున్నది. లేనిది, అమ్మువాని డబ్బా మీద. ‘ఇథైల్’ అని వ్రాసిన చోట ‘సీసము’ అని వ్రాసియున్నచో, ఎంతమంది తల్లులు ప్రశ్నించియుందురో!

అందుచేతనే గ్రంథాలయము ఊరికి అలంకారము మాత్రమే కాదు. డబ్బా మీది పేరును పుస్తకములోని పేరుతో సరిచూచుకొను స్థలము అది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు ఆ తలుపు తెరచియుంచిన వారందరికి కృతజ్ఞత తెలుపుట నేటి సభకు విధి. ఇకమీదట ఊరిలోనికి ఏ క్రొత్త మందు, ఏ క్రొత్త ఎరువు, ఏ క్రొత్త నూనె వచ్చినను, కొనుటకు ముందు ఈ గడపలో ఒక ప్రశ్న పుట్టవలెను: దీని అసలు పేరేమి? లాభము ఎవరి పేర జమయగును? ఖర్చు ఎవరి పేర పడును? ఆ ఖర్చు పిల్లల పేర పడునట్లైతే, రుజువు చూపవలసిన వాడు అమ్మువాడే. ఇంత మాత్రము ఈ గ్రామము పట్టుదలతో నిలిపినచో ఈ గ్రంథాలయపు రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.